రొయ్యల చెరువు గట్టు మీద బొచ్చు ఊడిన జంతువు: తోడేలా, నక్కా? పిచ్చా, గజ్జా?

వనామీ_వర్మ
కాట్రేనికోన వైపు మాకు చెరువులున్నాయి. కొన్ని రోజులుగా ఇంకా వెలుతురు ఉండగానే ఒక జంతువు గట్టు మీదకొచ్చి కూర్చుంటోంది. తోక మీద వెంట్రుక లేదు. వీపు వెనక భాగం అంతా బోడి, చర్మం బూడిద రంగుకి తిరిగి పెచ్చులు కట్టింది. గోక్కోవడమే పని. మనిషి దగ్గరకెళ్ళినా చటుక్కున లేచిపోదు. కాపలా కుర్రాళ్ళు తోడేలంటున్నారు, ఊళ్ళో పిచ్చినక్క అంటున్నారు. పక్క చెరువాయన కోడి మాంసంలో మందు కలిపి పెట్టేద్దాం అంటున్నాడు. పిల్లలు ట్యూషన్‌కి ఆ గట్టు మీదే వెళ్తారు, నాకు అదీ టెన్షన్. ఇదేం రోగం? ఏం చెయ్యాలి?

లంకబాబు
కాట్రేనికోనలో తోడేలా! అమలాపురంలో బస్సు మారి వచ్చి ఉంటుంది లెండి.

నంద్యాల_అల్లుడు
మా అత్తవారిది నంద్యాల జిల్లా. రోళ్ళపాడు బట్టమేక పిట్టల అభయారణ్యం దగ్గర తోడేళ్ళని నేను చూశాను. వాటికి గడ్డి మైదానాలు, గొర్రెల మందలు తిరిగే మెట్ట నేలలు కావాలి. వరిచేలు, చెరువులు, మడ అడవి ఉన్నచోట అవి ఉండవు. మీరు చూసింది నక్క. బొచ్చు పోతే కాళ్ళు పొడుగ్గా, ముఖం కోలగా కనిపించి తోడేలనుకుంటారు. మన దేశపు తోడేలు 20 కిలోల అటూ ఇటూ ఉంటుంది, నక్క అందులో సగం.

సందేహం_సత్తిబాబు
వర్మగారూ, పొద్దున్నే నక్క ముఖం చూస్తే లాభం అంటారు కదా. రొయ్యల కౌంట్ (కిలోకి ఎన్ని తూగుతాయో) బాగా వచ్చిందా?

వనామీ_వర్మ
సాయంత్రం చూస్తున్నాను. అందుకేనేమో రేటు పడిపోయింది.

పశువైద్యం_పాలకొల్లు
వర్మగారు చెప్పిన లక్షణాలన్నీ గజ్జి వైపే చూపిస్తున్నాయి. సార్కోప్టిస్ అనే కంటికి కనిపించని పురుగు చర్మంలో సొరంగాలు తవ్వుకుని అక్కడే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి రెండు మూడు వారాలు చాలు. దురదకి జంతువు గోక్కుని, కొరుక్కుని పుళ్ళు చేసుకుంటుంది, వాటిలో చీము పడుతుంది. నిద్ర, తిండి పోయి నీరసిస్తుంది. పరిగెత్తి వేటాడలేక సులువుగా తిండి దొరికే చోటికి పగలే వచ్చేస్తుంది. మనిషిని చూసి కదలకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఈ నీరసమే.

అయితే దూరం నుంచి చూసి పిచ్చి కాదని ఎవరూ రాసివ్వలేరు. పిచ్చి అంటే రేబిస్, ఇంకోటి డిస్టెంపర్ అని కుక్కలకొచ్చే వైరస్ జబ్బు, ఈ రెండింటిలోనూ అడవి జంతువుకి భయం పోతుంది. తూలుతోందా, దవడ వేలాడుతోందా, చొంగ కారుతోందా, కనిపించినదాన్నల్లా కరుస్తోందా చూడండి. కళ్ళలో పుసులు, ముక్కు కారడం, ఊరికే నమిలినట్టు దవడ ఆడించడం, ఫిట్స్ ఉంటే డిస్టెంపర్ కావచ్చు. ఒకే జంతువుకి గజ్జీ, డిస్టెంపరూ రెండూ ఉండటం కూడా మామూలే.

మందు పెట్టడం మాత్రం వద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద నక్కను చంపడం నేరం. పైగా ఆ మాంసం నక్కే తింటుందని ఏముంది? ఊరకుక్క తింటుంది, గద్ద తింటుంది, మీ వైపు బావురు పిల్లులు కూడా ఉంటాయి.

నర్సాపురం_నాని
చట్టాలు చదువుతూ కూర్చుంటే రేపు ఒక పిల్లాడిని కరుస్తుంది. రోగమొచ్చిన జంతువుని తీసేస్తే మిగతా వాటికీ మంచిదే కదా. పల్లెల్లో ఎప్పటినుంచో చేసేది ఇదే.

బోజ్‌మన్_బుజ్జి
నానీ, దీనికి తిరగేసిన కథ ఒకటి ఉంది. మాది ముమ్మిడివరం, ఉద్యోగం మాంటానాలో. ఇక్కడ 1905లో ఒక చట్టం చేశారు. తోడేళ్ళని పట్టుకుని, పశువైద్యుల చేత వాటికి గజ్జి అంటించి, తిరిగి అడవిలోకి వదలాలి. అవి వెళ్ళి మిగతా తోడేళ్ళకి అంటిస్తే జాతి మొత్తం పోతుందని లెక్క. విషం, తుపాకీ, బోను ఎలాగూ ఉన్నాయి. చివరికి తోడేళ్ళు నిజంగానే పోయాయి, గజ్జి పురుగు మాత్రం నక్కల్లాంటి కొయొటీలలో మిగిలింది.

1995, 96లో కెనడా నుంచి తోడేళ్ళని తెచ్చి యెల్లోస్టోన్ పార్కులో వదిలారు. పదేళ్ళు బాగానే ఉన్నాయి. 2007లో పార్కు లోపలి గుంపుల్లో గజ్జి బయటపడింది. వందేళ్ళ కింద అంటించినదే తిరిగొచ్చిందని ఇక్కడి పరిశోధకులు చాలామంది అనుకుంటారు. ఇక్కడ అసలు దెబ్బ చలి. బొచ్చు లేని తోడేలు రాత్రంతా ఒళ్ళు వెచ్చగా ఉంచుకోవడానికే తిన్న బలమంతా ఖర్చు పెట్టేస్తుంది. వేడిని చూపించే కెమెరాలతో ఆ నష్టాన్ని కొలిచారు కూడా.

లంకబాబు
మన నక్కకి ఆ బాధ లేదు. మే నెలలో బొచ్చు లేకపోవడమే హాయి.

పశువైద్యం_పాలకొల్లు
హాయి ఏమీ లేదండి. చలికి చావదు కానీ ఎండకి చర్మం మాడుతుంది, పుళ్ళ మీద ఈగలు వాలి పురుగు పడుతుంది. ఇంకోటి, పొడి వేడిలో ఈ గజ్జి పురుగు ఒంటి మీంచి రాలితే త్వరగా చస్తుంది. చెమ్మగా, చల్లగా ఉండే బొరియలో కొన్ని రోజులు బతుకుతుంది. డెల్టాలో గట్టు కింద బొరియలన్నీ చెమ్మే.

బోజ్‌మన్_బుజ్జి
బొరియ అంటే గుర్తొచ్చింది. యెల్లోస్టోన్‌లో గుంపుతో ఉన్న గజ్జి తోడేలు, గజ్జి లేని తోడేళ్ళు నాలుగు పక్కన ఉంటే, బాగానే నెట్టుకొస్తుంది. వేట మిగతావి చేస్తాయి, ఇది కూడా తింటుంది. ఒంటరిదైతే అంతే. గుంపులో ఉంటే రోగం అంటుతుంది, అంటిన తర్వాత ఆదుకునేదీ గుంపే.

టీచరమ్మ_రాజోలు
నక్కలు జంటగా ఉంటాయి కదా. వర్మగారికి ఒకటే కనిపిస్తోందా?

వనామీ_వర్మ
చీకటి పడ్డాక డ్రెయిన్ అవతల సరుగుడు తోటలోంచి రెండు మూడు గొంతులు ఊళ వేస్తాయండి. గట్టు మీదకి మాత్రం ఇదొక్కటే వస్తోంది.

గాలివాటం
మా కుక్కకి గజ్జి వస్తే కాలిన ఇంజిన్ ఆయిల్లో గంధకం కలిపి పూశాం, వారంలో తగ్గింది. ఒక బకెట్ దాని మీద పోసెయ్యండి.

పశువైద్యం_పాలకొల్లు
దయచేసి అలా చేయకండి. కుక్క దాన్ని నాకుతుంది, లివరూ కిడ్నీలూ పోతాయి. తగ్గితే గంధకం వల్ల తగ్గింది, నూనె వల్ల కాదు. కుక్కలకిప్పుడు మంచి మందులున్నాయి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

నర్సాపురం_నాని
ఐవర్‌మెక్టిన్ మాత్రలు మాంసంలో పెట్టి పడేస్తే పోలా? విషం కాదుగా, మందే కదా.

పశువైద్యం_పాలకొల్లు
నానిగారూ, రొయ్యల చెరువు పక్కన ఆ మాటే అనకండి. ఐవర్‌మెక్టిన్ పురుగుల నరాల మీద పనిచేసే మందు. రొయ్య, పీత, నీటిలోని చిన్న ప్రాణులు ఆ పురుగుల చుట్టాలే. చాలా కొద్ది మోతాదుకే చచ్చిపోతాయి. నక్క ఎంత తిందో, ఎక్కడ కక్కిందో మీకు తెలియదు. అటవీ శాఖ వాళ్ళు పట్టి, తూకం చూసి ఇస్తే అది వేరే సంగతి.

వనామీ_వర్మ
ఈ ఒక్క పోస్టు చూపించి పక్క చెరువాయన్ని ఆపాను. నక్క మీద జాలి పుట్టలేదు కానీ రొయ్య మీద పుట్టింది.

ఏఎన్ఎం_లక్ష్మి
ఎవరూ అసలు మాట ఎత్తడం లేదు. కరిస్తే ఏం చేస్తారు? పసరు, సున్నం, కారం పెట్టుకుని వచ్చేవాళ్ళని ఇప్పటికీ చూస్తున్నాను. ముందు సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. రేబిస్ వైరస్ సబ్బుకి నిలవదు. కట్టు కట్టకూడదు. అదే రోజు టీకా మొదలుపెట్టాలి. చర్మంలోకి ఇచ్చేదైతే మొదటి రోజు, ఆపై 3, 7, 28వ రోజు. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే వైరస్‌ని అప్పటికప్పుడు అడ్డుకునే ప్రతిరక్షకాల మందు కూడా వేయించుకోవాలి. ఇంట్లో కుక్కో పిల్లో కరిస్తే పది రోజులు గమనించడం అనే మాట ఉంది. నక్కకీ తోడేలుకీ ఆ లెక్క లేదు. అది ఎలా ఉందో చూద్దాం అని ఆగకూడదు.

సందేహం_సత్తిబాబు
టీకా ఉండగా మళ్ళీ ఆ గ్లోబ్యులిన్ ఎందుకండీ? ఖరీదని మా మావయ్యకి వేయలేదు, ఆయన బాగానే ఉన్నాడు.

టీచరమ్మ_రాజోలు
సత్తిబాబుగారూ, ఆ మందు విలువ లోకానికి తెలిసింది ఒక పిచ్చి తోడేలు వల్లే. 1954లో ఇరాన్‌లో ఒక పల్లె మీద పిచ్చి పట్టిన తోడేలు పడి ఒక్కరోజులో 29 మందిని కరిచింది. తోడేలు ఎగిరి ముఖం మీదా తల మీదా కరుస్తుంది. అక్కడి నుంచి మెదడుకి వైరస్ దూరం తక్కువ, టీకా శక్తి ఒంట్లో పుట్టేలోపే అది చేరిపోతుంది. టెహ్రాన్ పాశ్చర్ సంస్థ వాళ్ళు తలకి గాయాలైన వాళ్ళలో కొందరికి టీకా ఒక్కటే ఇచ్చారు, కొందరికి టీకాతో పాటు అలాంటి ప్రతిరక్షకాలున్న సీరం ఇచ్చారు. టీకా మాత్రమే అందిన ఐదుగురిలో ముగ్గురు పోయారు. సీరం కూడా అందిన 13 మందిలో ఒక్కరు పోయారు. ఇప్పుడు మన ఆసుపత్రిలో గాయం చుట్టూ గుచ్చేది ఆ సీరం వారసత్వమే.

అంతకు ముందు 1886లో రష్యాలోని స్మొలెన్‌స్క్ నుంచి తోడేలు కరిచిన 19 మంది పారిస్‌లో, రేబిస్ టీకా కనిపెట్టిన పాశ్చర్ దగ్గరకి వచ్చారు. 16 మంది బతికి వెళ్ళారు. మావయ్యగారు బాగుండటం సంతోషం. ఆయన్ని కరిచిన కుక్కకి రేబిస్ లేదేమో.

సందేహం_సత్తిబాబు
కరిచింది కుక్క కాదు, మా అత్త పెంచే పిల్లి. సరే, అర్థమైంది.

కోరంగి_పడవ
మడ అడవిలో పడవ తిప్పే కుటుంబం మాది. కోరింగలో నక్కలు ఎప్పుడూ ఉన్నాయి. పోటు తీశాక బురదలో పీతలు పట్టుకుంటాయి, సముద్రపు ఒడ్డున తాబేలు గుడ్లు తవ్వుకుంటాయి. ఈ మధ్య తేడా ఏంటంటే కుక్కలు. చేపల పాకల దగ్గరివి, ఊరి చివరవి అడవిలోకి గుంపుగా వచ్చేస్తున్నాయి. నక్క తినే చోటే కుక్క తింటోంది. రోగం ఎవరి నుంచి ఎవరికి వెళ్తుందో మీరే చెప్పండి.

లంకబాబు
కుక్కల్ని అడవిదాకా పంపేది చికెన్ వ్యర్థాలండీ. రాత్రిపూట వ్యాన్లలో తెచ్చి చేపల చెరువుల్లో మేతగా దింపుతారు, దింపగా మిగిలింది గట్టు మీద. వద్దని ఎన్ని ఉత్తర్వులిచ్చినా ఆగట్లేదు. నక్క పగలొస్తోందంటే రాదా మరి!

చేపల_చినబాబు
అందరం అలా చేయం బాబాయ్. రొయ్యల చెరువుల వాళ్ళు చచ్చిన సరుకు గట్టు మీద పారబోయడం లేదా? నక్కకి రొయ్య చేదా?

లంకబాబు
గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఎందుకు?

గాలివాటం
ఆ చికెన్ వ్యర్థాల వల్లే కుక్కలకి, తోడేళ్ళకి హైడాటిడ్ అనే బద్దెపురుగు వస్తుందట. మనుషుల లివర్లో నీటి తిత్తులు కడుతుందట.

పశువైద్యం_పాలకొల్లు
పురుగు సంగతి నిజమే, కోడి మాత్రం దానికి దారి కాదు. ఆ బద్దెపురుగు తిత్తులు గొర్రె, మేక, పశువుల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో ఉంటాయి. కబేళా దగ్గర అవి కుక్కలకి పడేస్తే కుక్క పేగులో కొన్ని మిల్లీమీటర్ల పురుగులు పెరుగుతాయి. కుక్క పెంటలోని గుడ్లు మన చేతికో కూరగాయకో అంటి లోపలికి పోతే మనకి తిత్తి. అడవిలో ఇదే చక్రం తోడేలు, దుప్పి జాతుల మధ్య తిరుగుతుంది. అమెరికాలో ఐడహో, మాంటానా తోడేళ్ళ పేగులు పరీక్షిస్తే నూటికి అరవై పైన వాటిలో ఈ పురుగు ఉంది. తోడేలుకి దానివల్ల పెద్ద బాధ ఉండదు. ఊపిరితిత్తుల్లో తిత్తులు పెరిగిన దుప్పి మాత్రం దూరం పరిగెత్తలేక వాటికి దొరికిపోతుంది. పురుగుకి కావలసింది కూడా అదే.

టీచరమ్మ_రాజోలు
అంటే పురుగు తన బండిని తనే పిలిపించుకుంటోంది.

బోజ్‌మన్_బుజ్జి
దాన్ని మించింది చెప్తాను. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి జాతి పేగుల్లో సంతానం పెడుతుంది. యెల్లోస్టోన్‌లో ప్యూమాలనే పెద్ద పిల్లి జాతి జంతువులు తిరిగే చోట తోడేళ్ళకి అది ఎక్కువగా అంటింది. అంటిన తోడేలుకి తెగింపు ఎక్కువవుతుందట. గుంపు వదిలి సొంత కుంపటి పెట్టుకోవడం, గుంపుకి నాయకత్వం వహించడం వాటిలోనే చాలా ఎక్కువ. 2022లో ఆ అధ్యయనం వచ్చింది.

లంకబాబు
పార్టీ మారే నాయకులందరికీ ఈ టెస్టు చేయించాలి.

వేదిక_పెద్ద
రాజకీయాలు వేరే విభాగంలో. ఇంకోటి రాస్తే తీసేస్తాను.

లంకబాబు
పెద్దగారికీ టెస్టు కావాలేమో, తెగింపు కనిపిస్తోంది.

అత్తిలి_అబ్బాయి
చేపల వల్ల రోగాలు రావా? మా కుక్క పచ్చి చేప తిని వాంతులు చేసుకుంది.

బోజ్‌మన్_బుజ్జి
పసిఫిక్ తీరంలో ఉంది. అక్కడి సాల్మన్ చేపలో ఒక చిన్న పురుగు, ఆ పురుగులో ఒక బ్యాక్టీరియా. కుక్క పచ్చి సాల్మన్ తింటే వైద్యం లేకుండా బతకడం కష్టం. బ్రిటిష్ కొలంబియా తీరపు తోడేళ్ళు సాల్మన్ పట్టి చాలాసార్లు తల మాత్రం తిని, ఒళ్ళు అలాగే వదిలేస్తాయి. ఈ రోగం తప్పించుకోవడానికి అయి ఉండొచ్చని ఒక ఊహ.

చేపల_చినబాబు
పులస ఒళ్ళు ఒడ్డున వదిలేసే తోడేలుంటే చెప్పండి, దాని వెనకే తిరుగుతాను.

నంద్యాల_అల్లుడు
కోరంగి_పడవగారి ప్రశ్న అలాగే ఉండిపోయింది. తోడేళ్ళ విషయంలో దానికి జవాబు ఎప్పుడో తెలిసింది. అమెరికాలో ఐల్ రాయల్ అనే ద్వీపంలో 1980లో 50 తోడేళ్ళు ఉండేవి, 1982కి 14 మిగిలాయి. కారణం పార్వో, కుక్కలకి రక్తవిరేచనాలు తెచ్చే వైరస్. ఎవరో సందర్శకుడి కుక్కతోనో, బూట్లకి అంటిన మట్టితోనో వచ్చి ఉంటుందంటారు. ఆ వైరస్ కుక్కల్లో కనిపించిందే 1978లో. నీళ్ళు దాటి ద్వీపంలోకి రావడానికి రెండు మూడేళ్ళు పట్టింది.

ఇథియోపియా కొండల్లో ఉండే తోడేళ్ళు పెద్దవి 500 లోపే. పశువుల కాపరుల కుక్కల నుంచి వాటికి 1990ల మొదట్లో ఒకసారి, 2003లో ఇంకోసారి రేబిస్ పాకింది. రెండోసారి ఒక లోయలో నాలుగింట మూడు వంతులు చచ్చిపోయాయి. చుట్టుపక్కల గుంపులని పట్టి టీకా వేశాకే ఆగింది. ఆ తర్వాత 2006, 2010, 2015లో డిస్టెంపర్.

మన దేశంలో మహారాష్ట్ర షోలాపూర్ జిల్లా నన్నజ్ గడ్డి మైదానం చుట్టుపక్కల ఊరకుక్కల రక్తం పరీక్షిస్తే పదింటికి తొమ్మిది ఏదో ఒకప్పుడు పార్వో, డిస్టెంపర్ తగిలినవే. అదే మైదానంలో గుంటనక్కలూ తోడేళ్ళూ తిరుగుతాయి.

నర్సాపురం_నాని
అయితే కుక్కల్ని తీసెయ్యాలి.

టీచరమ్మ_రాజోలు
నీకు తీసెయ్యడం తప్ప ఇంకో క్రియాపదం రాదా నాయనా?

కోరంగి_పడవ
డిస్టెంపర్ పిల్లి జాతికి కూడా వస్తుందా? మా భయం బావురు పిల్లుల గురించి. నీటికుక్కలు కూడా ఉన్నాయి.

పశువైద్యం_పాలకొల్లు
వస్తుంది. 2018లో గిర్ అడవిలో సింహాలు చచ్చిపోయినప్పుడు ఆ వైరస్ దొరికింది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో మూడో వంతు సింహాలు దానితోనే పోయాయి. నీటికుక్కల కుటుంబానికీ సోకుతుంది. కోరింగలో ఇది ఉందని నేను అనడం లేదు. గుంపుగా కుక్కలు దగ్గుతూ, ఫిట్స్‌తో పోతుంటే మాత్రం ఊరుకోకుండా పశువుల ఆసుపత్రిలో చెప్పండి. చచ్చిన నక్కని కూడా చేత్తో ముట్టకుండా అటవీ శాఖకి చెప్పండి. రేబిస్ తేల్చాలంటే మెదడు పరీక్ష చేయాలి, పాతిపెడితే ఏమీ తెలియదు.

వనామీ_వర్మ
అప్‌డేట్. అటవీ శాఖ వాళ్ళకి ఫోన్ చేస్తే బీట్ ఆఫీసర్ వచ్చి ఫోన్‌లో వీడియో తీసుకున్నారు. తూలడం, చొంగ లేవు, గజ్జి లాగే ఉందన్నారు. బోను పెట్టారు. అందులో మొదట మా పాక దగ్గరి కుక్క పడింది. దాని చెవుల అంచున కూడా బొచ్చు ఊడి పెచ్చు ఉంది, కుర్రాళ్ళు రోజూ దాన్ని ఒళ్ళో పెట్టుకుంటారు. ఇద్దరికి నడుం దగ్గర దద్దుర్లు.

పశువైద్యం_పాలకొల్లు
చెవి అంచు అంటే గజ్జికి గుర్తే. ముందు కుక్కకి వైద్యం చేయించండి. కుర్రాళ్ళని డాక్టరుకి చూపించండి. కుక్క గజ్జి పురుగు మనిషి మీద సంతానం నిలుపుకోలేదు, కుక్కకి తగ్గితే వీళ్ళకీ తగ్గుతుంది. పాకలో గోనెలు కాల్చేయండి.

బోజ్‌మన్_బుజ్జి
నక్కకి వైద్యం చేయాలా అన్నది మాత్రం నాకు తేలలేదు. యెల్లోస్టోన్‌లో గజ్జి తోడేళ్ళకి మందు వేయరు, దాని దారిన వదిలేస్తారు. ఇథియోపియాలో ఉన్నవే కొన్ని కాబట్టి టీకా వేస్తారు. మన నక్కలు అంత తక్కువేమీ కాదు. ఒక్కదాన్ని బాగుచేసి అదే బొరియలోకి వదిలితే నెలకి మళ్ళీ అంటుతుంది.

ఏఎన్ఎం_లక్ష్మి
అక్కడ అంటించింది మనిషి కాబట్టి వదిలేయడం న్యాయమా? ఇక్కడ అంటించింది పాక దగ్గరి కుక్క అయితే?

బోజ్‌మన్_బుజ్జి
నక్కే కుక్కకి అంటించి ఉండొచ్చు కదా అండి.

ఏఎన్ఎం_లక్ష్మి
ఉండొచ్చు. కుక్కకైతే మందు వేయగలం, నక్క ఎదురొచ్చి చెయ్యి చాపదు. కుక్కతో మొదలుపెడితే రెండు వైపులా పనికొస్తుంది. జులై 6న పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. పాశ్చర్ మనిషికి మొదటి రేబిస్ టీకా వేసిన రోజది. చెరువుల వాళ్ళు మీ కాపలా కుక్కలని తీసుకెళ్ళండి.

చేపల_చినబాబు
మా గట్ల మీద కుక్కలు తాడు వేస్తే ఊరుకోవు. పట్టేదెవరు?

కోరంగి_పడవ
వల వేసే మా బావమరిది ఉన్నాడు. కుక్కకి వంద, బిర్యానీ అదనం.

చేపల_చినబాబు
చికెనా, రొయ్యలా?

కోరంగి_పడవ
మీ చెరువు మేతలో మిగిలిన చికెన్ మాత్రం వద్దట.